కంప్యూటరుకు గురులఘువులు

పిల్లవాణ్ణి కంప్యూటరు చదువులో చేర్పించిన తల్లిదండ్రులకు ఒక కొత్త దిగులు పట్టుకుంటుంది. పైపై ప్రోగ్రాములు నేర్చి ఉద్యోగం చూసుకోక, యంత్రం అడుగున వుండే ఒకట్లూ సున్నాలూ ముందేసుకు కూర్చుంటాడేమిటని! ఇందులో తెలుగు మేష్టరుకేం పనంటారా? కొంచెం వుంది.

ఛందస్సుకు మూలం రెండే: గురువు, లఘువు. మూడేసి చొప్పున పేర్చితే ఎనిమిది గణాలు. తొమ్మిదోది రమ్మన్నా రాదు. కంప్యూటరుకున్నవీ రెండే. గురువును ఒకటనీ, లఘువును సున్న అనీ అనుకోండి. యూనికోడ్ పట్టికలో మన ‘అ’కు ఇచ్చిన సంఖ్య 3077. యంత్రం లెక్కలో అది 110000000101. గణవిభజన చెయ్యండి: త, న, న, ర. పలకమీద మనం దిద్దిన ‘అ’ అక్కడ నాలుగు గణాలన్నమాట!

మరి ప్రాణం లేని యంత్రం వీటితో లెక్కలెలా చేస్తుంది? కొల్లేటి చుట్టుపక్కల సేద్యం చేసేవారు ఇట్టే పోల్చుకుంటారు. ఒకే బోదెమీద వరసగా రెండు తూములుంటే, రెండు తలుపులూ ఎత్తితేనే చేనికి నీరు. రెండు బోదెలు చెరోవైపునుంచి వస్తే, ఏ ఒక్క తలుపు ఎత్తినా చాలు. కూడికలో ఒకటీ ఒకటీ కలిసినప్పుడే పక్కస్థానానికి ఒకటి పోవాలి కదా. అది వరస తూముల పని. ఇటువంటి మీటలతో తర్కాన్నీ లెక్కల్నీ నడపవచ్చునని 1937లో క్లాడ్ షానన్ అనే అమెరికన్ విద్యార్థి తన సిద్ధాంతవ్యాసంలో చూపించాడు. 1947లో ట్రాన్సిస్టరు పుట్టింది. అది లస్కరు అక్కరలేని తూము. విద్యుత్తే దాని తలుపు ఎత్తుతుంది, దించుతుంది. ఈనాడు గోరంత ముక్కమీద అలాంటివి వందల కోట్లు. ప్రోగ్రామంటే, ఏ తలుపు ఎప్పుడెత్తాలో వరసగా రాసిన ఆజ్ఞలే.

ఇది మనవాళ్లకు అందని విద్య కాదు. భీమవరం దగ్గర మోగల్లులో పుట్టిన అయ్యగారి సాంబశివరావుగారు, 1967లో హైదరాబాదులో ఏర్పడిన ఇ.సి.ఐ.ఎల్.కు మూలపురుషులు. ఆ సంస్థ తయారుచేసిన టి.డి.సి. 12 అనే కంప్యూటరు ఒక్కొక్క విడతకు పన్నెండేసి ఒకట్లూ సున్నాలూ పట్టేది. మన ‘అ’ సంఖ్యకు సరిగ్గా సరిపోయే కొలత! 2015 నుంచి తాడేపల్లిగూడెంలోనే జాతీయ సాంకేతిక విద్యాసంస్థ వున్నది. అక్కడ చదివే పిల్లలు ఆ పెద్దాయన జిల్లా దాటి వెళ్లకుండానే ఈ విద్యకు కూర్చోవచ్చు.

శివారు చేలకు నీరందనప్పుడు గట్టున కూర్చుని తిట్టుకునేవారు పదిమంది. కాలువ వెంట పైకి నడిచి, ఏ తూము తలుపు ఇరుక్కుందో చూసివచ్చేవాడు ఒక్కడు. పంట దక్కేది వాడివల్లనే. ప్రోగ్రాము మొరాయించినప్పుడూ అంతే. అడుగు తెలిసినవాడే మరమ్మతు చెయ్యగలడు, కొత్తది కట్టగలడు. ఆ పిల్లలు నడుస్తున్నది ఆ గట్టుమీదనే. వేళకు అన్నానికి పిలవండి. లేవమని మాత్రం తొందర పెట్టకండి.