చిన్నారి డ్యాన్సర్ల థీమ్ ఫొటోలు: లైకులు సరే.. విమర్శలు వస్తే ఏం చేయాలి?

దసరా వచ్చిందంటే మన ఫోన్ల నిండా చిన్నారి అమ్మవార్లే. ఎనిమిదేళ్ల పాప కూచిపూడి కాస్ట్యూమ్‌లో నిలబడి ఉంటుంది. వెనక సింహం, పైన మెరుపులు, చుట్టూ మంటలు. కృష్ణాష్టమికి అదే పాప గోపిక. శివరాత్రికి కైలాసం ముందు నటరాజ భంగిమ. రంగప్రవేశం ఇన్విటేషన్ అయితే ఇక చెప్పక్కర్లేదు. సినిమా పోస్టర్ రేంజ్‌లో ఉండాల్సిందే.

నిజానికి ఆ పాప ఏ సింహం ముందూ నిలబడలేదు. స్టూడియోలో ఓ ప్లెయిన్ తెర ముందు, రెండు లైట్ల మధ్య నిలబడింది. మిగతాదంతా కంప్యూటర్‌లో కలిపిందే. ఫొటోగ్రాఫర్లు దీన్ని కాంపోజిట్ అంటారు. పెళ్లి ఆల్బమ్‌లు చేసేవాళ్లకి ఇది బాగా తెలిసిన మిక్సింగ్ పనే.

ఫొటో పోస్ట్ చేయగానే ముందు హార్ట్ ఎమోజీలు వస్తాయి. ఆ తర్వాత మెల్లగా మిగతావి మొదలవుతాయి. ‘ముద్ర తప్పు’, ‘పాపని తెల్లగా ఎందుకు చేశారు?’, ‘ఇంత చిన్న పిల్లకి అంత మేకప్పా?’, ‘దేవుడి పేరుతో వ్యాపారం’, ‘ఇది ఏఐ కదా!’. ఇక ఫొటోగ్రాఫర్ కోప్పడతాడు, తల్లిదండ్రులు బాధపడతారు, డ్యాన్స్ టీచర్ ఇరుకున పడతారు. ఎక్కువ మంది చేసే పని రెండింట్లో ఒకటే. కామెంట్లు ఆపేయడం, లేదంటే తిరిగి తిట్టడం.

కానీ ఈ విమర్శలన్నీ ఒకే రకం కాదు. కొన్నింటికి ఫొటో సరిదిద్దాలి. కొన్నింటికి ఓపిగ్గా సమాధానం చెప్పాలి. కొన్నింటిని నేరుగా పోలీసుల దగ్గరికి తీసుకెళ్లాలి. ఏది ఏ రకమో తేల్చుకోకపోతే చివరికి దెబ్బ తగిలేది ఫొటోలో ఉన్న పిల్లకే.

*ఇదేం కొత్త ట్రెండ్ కాదు*

మనుషుల్ని దేవతల రూపంలో చూపించడం ఫోన్లతో మొదలైంది కాదు. రాజా రవివర్మ 1894లో ప్రింటింగ్ ప్రెస్ పెట్టి లక్ష్మి, సరస్వతి బొమ్మల్ని ఇంటింటికీ చేర్చారు. ఈరోజు మన పూజగదిలో ఉన్న రూపాల మీద ఆయన ప్రభావం చాలా ఉంది. 2020లో చెన్నై ఫొటోగ్రాఫర్ జి.వెంకట్ రామ్ ఓ క్యాలెండర్ కోసం సమంత, శ్రుతి హాసన్, రమ్యకృష్ణ లాంటి వాళ్లతో ఆ రవివర్మ పెయింటింగ్స్‌నే మళ్లీ సృష్టించారు. అంతకుముందు చెన్నైలోనే ‘డార్క్ ఈజ్ డివైన్’ అనే ఫొటో సిరీస్ వచ్చింది. అందులో దేవుళ్లుగా, దేవతలుగా కనిపించిన మోడల్స్ అందరూ నల్లటి ఛాయ ఉన్నవాళ్లే. దేవుడంటే తెల్లగానే ఎందుకు ఉండాలన్నదే ఆ సిరీస్ అడిగిన ప్రశ్న.

ఇప్పుడు మారింది రెండే. ఒకటి, ఫొటోలో ఉన్నది పెద్దవాళ్లు కాదు, పిల్లలు. రెండు, అది క్యాలెండర్‌గా గోడ మీద ఉండిపోదు. ఎవరు డౌన్‌లోడ్ చేస్తున్నారో, ఎక్కడికి పంపుతున్నారో తెలియని చోట తిరుగుతుంది.

*‘ముద్ర తప్పు’ అన్నవాళ్లని తిట్టొద్దు*

డ్యాన్స్ తెలిసినవాళ్ల విమర్శ వినడానికి కటువుగా ఉంటుంది. కానీ చాలాసార్లు అదే కరెక్ట్.

ఉదాహరణకి పతాక హస్తం తీసుకోండి. వేళ్లన్నీ చాపి, బొటనవేలు మడిస్తే పతాకం. అందులో ఉంగరపు వేలు మడిస్తే త్రిపతాకం. చిటికెన వేలు కూడా మడిస్తే అర్ధపతాకం. ఒక్క వేలు తేడాతో పేరు మారిపోతుంది, అర్థమూ మారిపోతుంది. అభినయ దర్పణం చెప్పే ఒంటి చేతి ముద్రలు 28. పాప వాటిని ఏళ్ల తరబడి నేర్చుకుంటుంది. ఎడిటింగ్‌లో వేలి అంచు కట్ అయినా, ఏఐ టూల్ తనకి తోచినట్టు వేళ్లు గీసినా ఆ కష్టం మొత్తం పోయినట్టే.

ఇంకో తప్పు చాలా మామూలుగా జరుగుతుంది. బ్యాక్‌గ్రౌండ్‌లో వెలుగు ఎడమ నుంచి, పాప మీద లైటు కుడి నుంచి ఉంటే రెండూ అతకవు. అప్పుడు ఈజీ దారి ఫొటోని అద్దంలో చూసినట్టు తిప్పేయడం. ఒక్క క్లిక్ పని. కానీ నటరాజస్వామి కుడి పాదం మీద నిలబడి ఎడమ కాలు ఎత్తుతాడు. ఫొటో తిప్పితే కాళ్లు మారిపోతాయి. కుడి కాలు ఎత్తిన నటరాజు మధుర మీనాక్షి ఆలయంలోని వెండి అంబలంలో ఉన్నాడు. దానికి ప్రత్యేకంగా స్థలపురాణ కథే ఉంది. అంటే అది ప్రత్యేకమైన రూపం, ఎడిటర్ సౌకర్యం కోసం వచ్చింది కాదు. చీర కుచ్చెళ్లు, ముక్కుపుడక కూడా తిప్పిన ఫొటోలో దొరికిపోతాయి.

కూచిపూడి తరంగం ఫొటోల్లో ఇంకో పొరపాటు చూస్తుంటాం. ఇత్తడి పళ్లెం అంచు మీద నిలబడి ఆడటమే తరంగంలో అసలు కష్టం. గ్లామర్ కోసం ఆ పళ్లెం తీసేసి కింద తామరపువ్వు పెడతారు. ఫొటో అందంగానే ఉంటుంది, కానీ పాప చేసిన పని మాయమైపోతుంది.

ఇలాంటి కామెంట్‌కి సమాధానం సింపుల్. ‘మీరు చెప్పింది నిజమే, సరిచేసి మళ్లీ పెడుతున్నాం’. అంతే. పోస్ట్ చేసే ముందు గురువుగారికి ఒక్కసారి చూపిస్తే ఈ మాట అనాల్సిన అవసరమే రాదు.

*తెల్లగా చేయడం చిన్న విషయం కాదు*

అన్నింటికన్నా బరువైన విమర్శ ఇదే. దీన్నే చాలామంది తేలిగ్గా తీసుకుంటారు.

స్కిన్ స్మూత్ చేయడం, రెండు షేడ్లు తెలుపు పెంచడం ఎడిటింగ్‌లో అలవాటుగా జరిగిపోతుంది. కొన్నిసార్లు తల్లిదండ్రులే అడుగుతారు, ‘కొంచెం కలర్ పెంచండి సార్’ అని. అడగకపోయినా చేసేవాళ్లున్నారు. స్టేజ్ మేకప్ వేరే విషయం. దూరం నుంచి చూసే ప్రేక్షకుడికి కళ్లు, కనుబొమ్మలు కనిపించాలని వేసేది అది. పాపకి కూడా అది మేకప్ అని తెలుసు, ఇంటికెళ్లాక కడిగేసుకుంటుంది. ఫొటోలో మార్చిన రంగు అలా కాదు. ‘అమ్మవారిలా ఉండాలంటే నేను ఈ రంగులో ఉండకూడదేమో’ అని పదేళ్ల పిల్ల అర్థం చేసుకుంటే ఆ తప్పు ఎవరిది?

పోనీ సంప్రదాయం అనుకుందామా అంటే అక్కడా కుదరదు. కృష్ణుడు నీలమేఘశ్యాముడు. కాళిక పేరులోనే నలుపు ఉంది. ద్రౌపదికి కృష్ణ అనే పేరు వచ్చింది ఛాయ వల్లే. మన కథల్లో నలుపుకి చోటుంది. లేనిది ఎడిటింగ్ టేబుల్ మీదే.

కాబట్టి ఈ విమర్శ వస్తే వాదించొద్దు. ఒరిజినల్ ఫొటో పక్కన పెట్టి చూసుకోండి. రంగు మారి ఉంటే వెనక్కి తెచ్చేయండి. లైట్ వల్ల అలా కనిపిస్తుంటే ఆ సంగతే చెప్పండి. ఏదైనా పాప ముందు మాత్రం ఈ చర్చ పెట్టొద్దు.

*‘పిల్లల్ని దేవతల్లా చూపిస్తారా?’*

దీనికి మాత్రం గట్టిగానే సమాధానం చెప్పొచ్చు. నవరాత్రుల్లో చిన్నపిల్లల్ని అమ్మవారిగా భావించి పూజ చేసే ఆచారం మనకి ఉంది. బెజవాడ ఇంద్రకీలాద్రి మీద దసరా అలంకారాల్లో బాలా త్రిపుర సుందరి రూపం కూడా ఒకటి. పైగా కూచిపూడి కళాకారులు సత్యభామగా, కృష్ణుడిగా, ప్రహ్లాదుడిగా మారడమే ఆ కళ. స్టేజ్ మీద తప్పు కానిది ఫొటోలో తప్పెలా అవుతుంది?

అయితే రెండు హద్దులున్నాయి. ఒకటి, గుడిని వాడే పద్ధతి. తెలంగాణలో రామప్ప గుడి బ్యాక్‌గ్రౌండ్‌కి మంచి డిమాండ్ ఉంది. కారణం తెలిసిందే. 1213 నాటి కాకతీయ కట్టడం, 2021లో యునెస్కో గుర్తింపు. నటరాజ రామకృష్ణ పేరిణిని తిరిగి నిలబెట్టడంలో అక్కడి నాట్య శిల్పాలది పెద్ద పాత్ర. అంటే డ్యాన్సర్‌కీ ఆ రాళ్లకీ నిజమైన చుట్టరికం ఉంది. కానీ తొందరపాటు ఎడిటింగ్‌లో పాప పాదాలు విగ్రహం మీదికి వచ్చాయంటే మాత్రం జనం ఊరుకోరు, ఊరుకోవాల్సిన పనీ లేదు.

రెండోది వయసు. పాత్ర దేవతదైనా ఫొటోలో ఉన్నది చిన్నపిల్లే. సినిమా హీరోయిన్ పోజులు, ఆ కెమెరా యాంగిల్స్ పిల్లలకి వద్దు. ‘ఈ పోజు మా పాప స్టేజ్ మీద చేస్తుందా?’ అని ఒక్క ప్రశ్న వేసుకుంటే చాలు. చేయదు అనిపిస్తే ఫొటోకీ వద్దు.

*‘ఇది ఏఐ కదా!’*

2025లో మార్చిలో జీబ్లీ బొమ్మలు, సెప్టెంబర్‌లో గూగుల్ జెమినీ చీరకట్టు ఫొటోలు ఎంత ఊపేశాయో చూశాం. అప్పట్నుంచి కష్టపడి చేసిన కాంపోజిట్‌ని కూడా జనం ఏఐ అనేస్తున్నారు. గంటల తరబడి జుట్టు అంచులు కట్ చేసి, పాదాల కింద నీడ వేసి, వెలుగు సరిచేసిన ఎడిటర్‌కి ఆ మాట వింటే మండుతుంది. న్యాయమే.

దీనికి మంచి మందు దాచకపోవడమే. ఒరిజినల్ షాట్ నుంచి ఫైనల్ ఫొటో దాకా పావు నిమిషం వీడియో పెడితే డౌట్లు పోతాయి. ఏఐ వాడితే వాడామని రాసేయాలి. బ్యాక్‌గ్రౌండ్ ఏఐతో చేయడం ఒకటి, పాప ముఖాన్నే ఏఐతో మార్చడం ఇంకొకటి. ఆ తేడా చూసేవాళ్లకి తెలియాలి.

తల్లిదండ్రులు అడగాల్సిన అసలు ప్రశ్న వేరే ఉంది. మా పాప ఫొటోని ఏ యాప్‌లో పెట్టారు? జెమినీ ట్రెండ్ టైమ్‌లో ఓ యువతి, తాను ఇచ్చిన ఫొటోలో కనిపించని పుట్టుమచ్చ ఏఐ బొమ్మలో వచ్చిందని చెప్పడం ఎంత వైరల్ అయిందో గుర్తుందిగా. అందుకే ఏ టూల్ వాడుతున్నారో ముందే అడగాలి, అడిగి చెప్పించుకోవాలి.

*కొన్ని కామెంట్లు విమర్శ కాదు, నేరం*

2024 జులై గుర్తుచేసుకోండి. తండ్రీకూతుళ్ల వీడియో మీద ఓ యూట్యూబర్ లైవ్‌లో అసభ్యంగా మాట్లాడాడు. హీరో సాయి దుర్గ తేజ్ దాన్ని బయటపెట్టి, పిల్లల ఫొటోలు పోస్ట్ చేసేముందు ఆలోచించమని పేరెంట్స్‌ని కోరారు. తెలంగాణ పోలీసులు కేసు పెట్టి ఆ యూట్యూబర్‌ని బెంగళూరులో అరెస్ట్ చేశారు. పోక్సో చట్టం కూడా పెట్టారు.

‘జోక్ చేశాం’ అంటే చట్టం ఒప్పుకోదు. పోక్సో ప్రకారం 18 ఏళ్లలోపు అందరూ పిల్లలే. పిల్లల్ని లైంగికంగా చూపించే బొమ్మలు తయారుచేసినా, పంచినా ఐటీ చట్టం 67బి సెక్షన్ వర్తిస్తుంది. కాబట్టి పాప ఫొటో కింద అలాంటి కామెంట్ కనిపించినా, ఆ ఫొటోని ఎవరైనా మార్చి తిప్పినా సమాధానం రాయొద్దు. ముందు లింక్, అకౌంట్ పేరు, టైమ్ నోట్ చేసుకోండి. కామెంట్ అయితే స్క్రీన్‌షాట్ తీసుకోండి. మార్ఫింగ్ చేసిన అసభ్య ఫొటో అయితే దాన్ని సేవ్ చేయొద్దు, ‘చూడండి ఎలా చేశారో’ అని ఎవరికీ ఫార్వర్డ్ చేయొద్దు. నేషనల్ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో పిల్లల మీద నేరాలకి పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు చేయొచ్చు. పిల్లల హెల్ప్‌లైన్ 1098 ఉంది.

స్టూడియోలూ, డ్యాన్స్ స్కూళ్లూ ఇంకో విషయం తెలుసుకోవాలి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం పిల్లల డేటాకి తల్లిదండ్రుల అనుమతి కచ్చితం అంటోంది. దాని రూల్స్ 2025 నవంబర్‌లో నోటిఫై అయ్యాయి. ముఖ్యమైన నిబంధనలకి 18 నెలల గడువిచ్చారు. అప్పటిదాకా ఆగడం ఎందుకు? ఫొటో ఇన్విటేషన్‌కేనా, స్టూడియో పేజీలో పెడతారా, ప్రకటనకి వాడతారా, అడిగితే తీసేస్తారా? ఈ నాలుగూ ఒక కాగితం మీద రాసుకుంటే తర్వాత గొడవలుండవు. పేజీలో పాప పూర్తి పేరు, స్కూల్ పేరు, క్లాస్ టైమింగ్స్ మాత్రం వద్దు.

*ఇంతకీ పాపని ఎవరైనా అడిగారా?*

ఈ గొడవంతటిలో ఫొటోగ్రాఫర్ మాట్లాడతాడు, అమ్మానాన్న మాట్లాడతారు, టీచర్ మాట్లాడతారు, ముక్కూమొహం తెలియనివాళ్లు మాట్లాడతారు. ఫొటోలో ఉన్న మనిషి మాట మాత్రం వినపడదు.

కొంతమంది పిల్లలకి తమ కాంపోజిట్ అంటే మహా ఇష్టం. అందులో తాము హీరోలు. కొంతమందికి సిగ్గు. క్లాస్‌లో ఎవరో ఏడిపిస్తారని భయం. ఇంకొంతమంది కామెంట్లన్నీ చదివేస్తారు. మనకి తెలియదంతే. ‘కాళ్లు లావుగా ఉన్నాయి’ అన్న ఒక్క మాట ముందు వెయ్యి లైకులు నిలవవు. ఆ తర్వాత అరమండిలో కూర్చోవడానికే పిల్ల ఇబ్బంది పడితే, ఫొటో బాగా వచ్చి ఏం లాభం?

విమర్శకి సమాధానం చెప్పే పని పెద్దవాళ్లది. పోస్ట్ ఫొటోగ్రాఫర్ పేజీలో ఉంటే జవాబు ఫొటోగ్రాఫర్ ఇవ్వాలి. స్కూల్ పేజీలో ఉంటే టీచర్ ఇవ్వాలి. బూతు పదాలు ఫిల్టర్ చేసే సెట్టింగ్, కామెంట్లు తెలిసినవాళ్లకే పరిమితం చేసే సెట్టింగ్ ఇన్‌స్టాలో ఉన్నాయి. గొడవ అయ్యాక కాదు, పోస్ట్ చేసే ముందే పెట్టుకోవాలి.

ఈ దసరాకి మీ ఇంట్లో కూడా ఇలాంటి ఫొటో రెడీ అవుతుంటే ఒక పని చేయండి. ఫైనల్ ఫొటోని ముందు పాప చేతికివ్వండి. ‘ఇది నువ్వేనా? బాగుందా? అందరికీ చూపిద్దామా?’ అని అడగండి. వద్దంటే ప్రింట్ తీసి హాల్లో పెట్టుకోండి. ఇంటికొచ్చిన అమ్మమ్మ, తాతయ్య చూసి మురిసిపోతారు.