నకలు ఉంటే చాలదు, పనిచేయాలి

2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్‌లో కంప్యూటర్లు మొరాయించాయి. ఐదు సర్వర్లలో ఉన్న సుమారు 1.3 టెరాబైట్ల సమాచారానికి దుండగులు తాళం వేశారని ప్రభుత్వమే తర్వాత పార్లమెంటుకు చెప్పింది. ఓపీ చీటీ మొదలు ల్యాబ్ రిపోర్టు దాకా దాదాపు రెండు వారాలు అంతా చేతిరాతే. ఎక్కడెక్కడి నుంచో రైలెక్కి వచ్చి ఆ ఆవరణలోనే పడిగాపులు కాసే పేద రోగులకు అది ఎంత నరకమో ఊహించవచ్చు. చివరికి ఆసుపత్రిని గట్టెక్కించింది దాడి సోకని ఒక బ్యాకప్ సర్వర్. ఇలా సమాచారానికి తాళం వేసి డబ్బు గుంజే ర్యాన్సమ్‌వేర్ మాట వచ్చినప్పుడల్లా హ్యాకర్లు ఎవరు, ఏ దేశంవాళ్లు అనే మాట్లాడుకుంటాం. అంతకంటే ముందు అడగాల్సింది ఒకటుంది. మన ఆసుపత్రి, కరెంటు సరఫరా చేసే మన డిస్కం, మన సహకార బ్యాంకు తమ సమాచారం నకలును నెట్‌వర్క్‌కు అందకుండా దాచాయా? ఆ నకలుతో పని మళ్లీ మొదలవుతుందో లేదో ఎప్పుడైనా పరీక్షించి చూశాయా?

ప్రాణాల మీదికి వచ్చినప్పుడు అడిగిన డబ్బు కట్టేయడమే మేలనేవారున్నారు. ఆ ఆదుర్దాను తప్పుపట్టలేం. అయితే 2021లో అమెరికాలోని ఇంధన రవాణా సంస్థ కొలోనియల్ పైప్‌లైన్ సుమారు 44 లక్షల డాలర్లు కట్టి తెచ్చుకున్న తాళంచెవి నత్తనడక నడవడంతో, సొంత బ్యాకప్‌లనే ఆశ్రయించాల్సి వచ్చింది. 2024లో అక్కడి వైద్య చెల్లింపుల సంస్థ చేంజ్ హెల్త్‌కేర్ 2.2 కోట్ల డాలర్లు ఇచ్చాక కూడా రోగుల వివరాలు చూపి మరో ముఠా బెదిరించింది. సమాచారమే ఎత్తుకుపోతే నకలుతో ఏం లాభమని ఇక్కడ ఎవరైనా నిలదీయవచ్చు. నిజమే, నకలు రహస్యాన్ని కాపాడలేదు. దానికి గుమ్మం దగ్గరే కాపలా కావాలి. ఆ రెండు అమెరికా సంస్థల్లోనూ దొంగలు చొరబడింది పాస్‌వర్డ్ తప్ప రెండో తనిఖీ లేని దారినే. కానీ పనిచేసే నకలు ఉంటే డయాలసిస్ ఆగదు, పింఛను ఆగదు. సేవ నడుస్తున్నంతసేపూ బెదిరింపుకు లొంగాల్సిన తొందర ఉండదు.

చిన్న సంస్థలకు అంత స్తోమత ఎక్కడిదన్న అభ్యంతరాన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు. 2024 జులైలో సీ-ఎడ్జ్ అనే సాంకేతిక సంస్థపై దాడి జరిగి, దేశంలో డిజిటల్ చెల్లింపుల వ్యవస్థను నడిపే ఎన్‌పీసీఐ దాన్ని తన వ్యవస్థ నుంచి విడదీస్తే, దాదాపు 300 సహకార, గ్రామీణ బ్యాంకుల ఖాతాదారుల చెల్లింపులు నిలిచిపోయాయి. ఆ బ్యాంకులు ఒక్కోటీ ఒక్కో సైబర్ నిపుణుణ్ని పెట్టుకోలేవు. అందుకే వాటన్నిటికీ ఒక ఉమ్మడి బ్యాకప్ కేంద్రం కావాలి, దాని ఖర్చును ప్రభుత్వాలే భరించాలి. 2019లో రెండు తెలుగు రాష్ట్రాల విద్యుత్ పంపిణీ సంస్థల వెబ్‌సైట్లూ దాడికి గురయ్యాయి కాబట్టి ఇది మనకు ఎక్కడో దూరాన ఉన్న ముప్పు కాదు. దాడి సంగతి ఆరు గంటల్లో కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు తెలపాలని 2022లో ఆదేశాలిచ్చారు. మంచిదే, కానీ అది ఇల్లు కాలాక చేసే ఫిర్యాదు. ప్రభుత్వ ఆసుపత్రులూ డిస్కంలూ ఆరు నెలలకోసారి బ్యాకప్ నుంచి సేవలు నడిపి చూపాలి. ఎన్ని గంటలు పట్టిందో ఆడిట్ నివేదికలో రాయాలి. కంప్యూటర్లు కొనే పద్దు పక్కనే దీనికీ ఒక పద్దు వచ్చే బడ్జెట్‌లోనే పెట్టాలి.