వకీలు దగ్గరికి పోయే ముందు

— ఒక బి.ఎస్సీ. తృతీయ సంవత్సర విద్యార్థి

సంక్రాంతి సెలవులకు గద్వాల దగ్గరి మా ఊరికి పోయాను. సాయంత్రం అన్న నన్ను చేని గట్టు మీద కూర్చోబెట్టి, "చదువుకున్నోనివి, నువ్వే చెప్పు. కన్నతండ్రికి కొడుకు మీద హక్కు లేదా?" అని అడిగాడు. వదిన ఎనిమిది నెలలుగా నాగర్‌కర్నూల్ వైపు పుట్టింట్లో ఉంటున్నది. నాలుగేళ్ల పిల్లవాడు ఆమె దగ్గరే ఉన్నాడు. తప్పు ఎవరిదనేది ఇక్కడ రాయబోను. ఇద్దరిదీ ఎంతో కొంత ఉంది. "వచ్చే వారం వకీలును కలవాలె, కాగితాలన్నీ నువ్వే సర్దు" అన్నాడు నాయన. బాటనీ రికార్డు తప్ప మరొకటి రాసి ఎరుగని నా మీద ఈ పని పడింది.

ఊళ్లో సలహాలకు కొదవ లేదు. "అంగన్‌వాడీ కాడ కాపు కాసి పిల్లోణ్ణి బండెక్కించుకొని రాండ్రి, తర్వాత సంగతి తర్వాత" అన్నాడొకాయన. "కోడలి మీద నాలుగు మాటలు రాయించండి, కేసు బలంగా ఉంటది" అన్నాడు మరొకాయన. మొదటి సలహాకు అన్న సగం ఒప్పుకున్నాడు కూడా. నేను రెండూ వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో వనపర్తికి తిరిగి వచ్చి చట్టం చదివాక నాకే ఇంకా బాగా తెలిసింది.

1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం ఆరవ సెక్షన్ సహజ సంరక్షకుడు తండ్రి అనీ, అతని తర్వాత తల్లి అనీ చెబుతుంది. మావాళ్లు అక్కడే ఆగిపోయారు. అయిదేళ్లు నిండని బిడ్డ సాధారణంగా తల్లి దగ్గర ఉండాలని అదే సెక్షన్ చెబుతున్నది. అన్నింటికంటె బిడ్డ మేలే ముఖ్యమని పదమూడవ సెక్షన్ అంటున్నది. "తర్వాత" అంటే తండ్రి చనిపోయిన తర్వాత అనే అర్థం కాదని గీతా హరిహరన్ కేసులో 1999లో సుప్రీంకోర్టు తేల్చింది. బిడ్డలు తల్లిదండ్రుల ఆస్తులూ కారు, ఆటవస్తువులూ కారని రోజీ జేకబ్ కేసులో 1973లోనే చెప్పింది. రైతు బిడ్డలం, మనకిది అర్థం కావాలి. చేనుకు పట్టా ఉంటుంది, పిల్లవాడికి ఉండదు.

ఇక ఏ కోర్టుకు పోవాలి? 2022 జూన్‌లో మా మూడు జిల్లాలకూ జిల్లా కోర్టులు వచ్చాయి గనుక గద్వాలలోనే వేద్దామని నాయన ఆలోచన. కాని 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం ప్రకారం పిల్లవాడు మామూలుగా నివసించే చోటి కోర్టులోనే వేయాలి. అమెరికాలో స్థిరపడిన ఒక తెలుగు దంపతుల కేసు 2019లో సుప్రీంకోర్టు దాకా పోయింది. తల్లి ఇద్దరు పిల్లలతో వచ్చి హైదరాబాదులో కేసు వేసింది. పిల్లల నివాసం అమెరికాయే కాబట్టి ఇక్కడి కోర్టుకు అధికారం లేదన్నారు. బండి మీద ఎక్కించుకొని వచ్చినంత మాత్రాన నివాసం మారిపోదన్నమాట. అయితే మా పిల్లవాడు ఎనిమిది నెలలుగా ఉంటున్న చోటును ఏమంటారు? వకీలును అడగవలసిన మొదటి ప్రశ్నగా దీన్నే రాసుకున్నాను.

కాగితాల పని తొందరగానే అయింది. పుట్టిన సర్టిఫికెట్, పెండ్లి పత్రిక, టీకాల కార్డు, అన్న పంపిన డబ్బుల రసీదులు ఒక కవర్లో పెట్టాను. జరిగిన సంగతులన్నీ తేదీలవారీగా ఒక పేజీలో రాశాను. మన తప్పులు కూడా రాయమన్నాను. అవతలి వకీలు నోట మొదటిసారి వింటే మన వకీలు ఏం చేయగలడు?

కష్టమంతా ఆ తర్వాతే వచ్చింది. "పిల్లవాడి చెప్పుల సైజు ఎంత? రాత్రి ఎవరి పక్కన పడుకుంటాడు? నువ్వు పొద్దున్నే చేనుకు పోతే వాణ్ణి చూసేదెవరు?" అని ఫోనులో అడిగాను. అన్న చాలాసేపు మాట్లాడలేదు. "అమ్మ చూస్తది" అన్నాడు చివరికి. అమ్మకు మోకాళ్ల నొప్పులు. అన్న వానాకాలం చేలో, ఎండాకాలం పూణేలో కట్టడం పనిలో ఉంటాడు. అట్లని వాడు చెడ్డ తండ్రి కాడు. కొడుక్కు జ్వరమొస్తే అర్ధరాత్రి భుజాన వేసుకొని నడిచినవాడు. ఆ సంగతీ పేజీలో రాశాను.

తండ్రికి హక్కు లేదని నేననను. ఉమ్మడి సంరక్షణకు చోటు కల్పించాలని 2015లో లా కమిషన్ తన 257వ నివేదికలో సిఫారసు చేసింది. తల్లిదండ్రులిద్దరి ప్రేమా బిడ్డ హక్కు అనీ, దూరంగా ఉన్నవారికి కలుసుకునే వీలుతోపాటు ఫోనులోనైనా మాట్లాడే వీలుండాలనీ సుప్రీంకోర్టు 2020లో చెప్పింది. పిల్లవాణ్ణి ఫోను దగ్గరికి రానివ్వని పుట్టింటివారిది కూడా తప్పే. కాని పెంచే చాకిరీ ఆడవాళ్లకు వదిలేసి హక్కు మాత్రం నాదంటే ఏ జడ్జి వింటాడు? అందుకే నెలకు రెండు ఆదివారాలు, పండుగలు, రోజూ సాయంత్రం ఫోను, ఇవి ముందు అడుగుదామన్నాను. అయిదేళ్లు నిండగానే పిల్లవాడు తనంతట తాను మన ఇంటికి వస్తాడనుకోవద్దని కూడా చెప్పాను.

ఫీజు ఇచ్చుకోలేనివారికి న్యాయసేవాధికార సంస్థ ఉంది. స్త్రీలకు, పిల్లలకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. ఫోను నంబరు 15100. ఈ నంబరు వదినకు కూడా పంపాను. "ఎవరి దిక్కురా నువ్వు?" అని అమ్మ కోప్పడింది. పిల్లోని దిక్కు అన్నాను.

మిత్రులారా! ఇంట్లో చదువుకున్నది మనమే అయినప్పుడు ఇటువంటి కవరు రేపు మీ చేతికీ రావచ్చు. ఎవరిని ఓడించాలో రాసే ముందు బిడ్డ పొద్దున లేచింది మొదలు పడుకొనేదాకా ఏం చేస్తాడో ఒక పేజీ రాయండి. రాయలేకపోతే వకీలు దగ్గరికి పోవడానికి మనం ఇంకా తయారు కాలేదన్నమాట.