పేరు అరువిచ్చేవారు

జగ్గయ్యపేట నుండి నందిగామ వరకు హైదరాబాదు–విజయవాడ రహదారిపై ప్రయాణించేవారికి బిర్యానీ బోర్డుల కొరత ఉండదు. రంజాన్ మాసంలో వాటి సరసన హలీమ్ డేగిశాలు కూడా వెలుస్తాయి. కొన్ని బోర్డులపై పట్నంలోని ప్రసిద్ధమైన పేరో, దానికి దగ్గరగా ధ్వనించే పేరో ఉంటుంది. ఆ పేరు వాడుకోవడానికి అనుమతి ఉన్నదో లేదో తినేవానికి తెలియదు. పేరును నమ్మి కూర్చుంటాడు, అంతే.

జగ్గయ్యపేటలో ఒక కుటుంబం ఇరవై ఏళ్ళుగా మంచి పేరుతో హోటలు నడుపుతున్నదనుకుందాం. భార్య తమ్ముడు వచ్చి, “దుల్హాభాయ్, మీ బోర్డు నందిగామలో నేనూ పెట్టుకుంటాను, నెలనెలా ఇంత ఇస్తాను” అంటాడు. కాదనడం కష్టం, కాగితం అడగడం మరీ కష్టం. బంధువుతో వ్రాతకోతలు పెట్టుకోవడాన్ని మన ఇళ్ళలో అపనమ్మకంగా భావిస్తారు. అప్పు వ్యవహారాన్ని వ్రాసుకోమని ఆదేశించే ఆయతు, అనగా బఖరా సూరాలోని 282వ ఆయతు, ఖుర్ఆన్‌లోకెల్లా దీర్ఘమైనదన్న సంగతి అప్పుడు ఎవరికీ గుర్తురాదు.

1999 నాటి ట్రేడ్ మార్కుల చట్టం మన పేరును మరొకరికి వాడుకోవడానికి ఇవ్వనిస్తుంది. అయితే ఇచ్చి ఊరుకోనివ్వదు. వాడుకొనేవానిని రిజిస్ట్రీలో నమోదు చేయించాలంటే, అతనిపై యజమానికి ఎంత అదుపు ఉన్నదో తెలుపవలసి ఉంటుంది. నాణ్యత గురించిన షరతు అమలు కాకుంటే 50వ సెక్షను క్రింద ఆ నమోదును రద్దు చేయవచ్చు. 1995లో కోకా కోలా, గుజరాత్ బాట్లింగ్ కంపెనీల వివాదంలో సుప్రీం కోర్టు కూడా, లైసెన్సు వలన ప్రజలు భ్రమపడరాదనీ, యజమానికి సరుకుతో వర్తక సంబంధం తెగిపోరాదనీ చెప్పింది.

కనుక ఆ కాగితంలో నెలసరి సొమ్ము ఒక్కటే ఉంటే చాలదు. మాంసం ఎవరి వద్ద కొనాలి, జబీహా ఎవరు చేయాలి, ఏ నూనె, ఏ బియ్యం, యజమాని చెప్పకుండా వచ్చి వంటగది చూడవచ్చునా, ఒప్పందం ముగిసిన తరువాత బోర్డు ఎన్ని రోజులలో దించాలి అన్నవన్నీ ఉండాలి. నందిగామలో బావమరిది చౌకగా దొరికిందని ఊరూపేరూ తెలియని మాంసం తెచ్చి వండితే, జగ్గయ్యపేట పేరు చూసి హలాల్ అని నమ్మి తిన్నవానికి ఎవరు జవాబు చెప్పాలి? మా దృష్టిలో ఇద్దరూ చెప్పాలి. అద్దె తీసుకుంటున్నవాడు ముందు చెప్పాలి.

హైదరాబాదీ హలీమ్ సంగతి వేరు. 2010లో దానికి భౌగోళిక గుర్తింపు లభించింది. మేక మాంసమే వాడాలి, పది పాళ్ళ మాంసానికి నాలుగు పాళ్ళ గోధుమ, రాగి పాత్రలో కట్టెల మంటపై గంటల తరబడి ఉడకాలి అన్నవి దాని నియమాలు. ఇటువంటి గుర్తింపును ఎవరూ లైసెన్సుకు ఇవ్వలేరు, చట్టమే నిషేధించింది. అది ఒకరి సొత్తు కాదు గనుక.

దైవప్రవక్త (స) ఒకసారి అంగడిలో ధాన్యపు రాశిలోకి చేయి పోనిచ్చారు. లోపల తడి తగిలింది. వాన పడిందని వర్తకుడు చెప్పగా, జనం చూసేలా ఆ తడిని పైన ఎందుకు ఉంచలేదని అడిగారు. బోర్డు పైన, వంటగది లోపల.

పేరు రిజిస్టరు చేయించదలచినవారు చెన్నై ట్రేడ్ మార్క్స్ రిజిస్ట్రీకి ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేయవచ్చు. భోజనశాలలకు 43వ తరగతి. వ్యక్తులకు రుసుము 4,500 రూపాయలు, నమోదు పదేళ్ళు చెల్లుతుంది. బావమరిదికి మాట ఇవ్వకముందే ఈ పని చేసుకోవడం మేలు.