అమ్మకానికి పోర్షన్ల ఇల్లు: అద్దెకున్నోళ్ళ మాటేంటి?

పట్నంలో కులం లేదన్న మాట చాలాకాలంగా వింటున్నాం. ఊళ్ళో అయితే మాలపల్లె, మాదిగపల్లె విడిగా వుంటాయిగానీ, పట్నంలో డబ్బు పారేస్తే ఎవరైనా ఎక్కడైనా వుండొచ్చట! ఇది ఎంత నిజమో టులెట్ బోర్డు కింద నిలబడి అడిగినోళ్ళకి తెలుసు. "ఎంతమంది?" అన్నది మొదటి ప్రశ్న. "ఏం పని చేస్తారు?" అన్నది రెండోది. "మీరేవిట్లు?" అన్నది మూడోది. దానికి జవాబు చెప్పీ చెప్పగానే, అప్పటిదాకా ఖాళీగా వున్న ఇంట్లోకి ఎక్కడలేని బంధువులూ దిగబోతారు!

అయినా ఈపురుపాలెం, చీరాల, బాపట్ల, తెనాలి లాంటి చోట్ల అక్కడక్కడా కలగలుపు వీధులున్నాయి. నాలుగైదు పోర్షన్ల ఇల్లు. ఒక దాంట్లో మగ్గం మీద బతికే కుటుంబం, ఒక దాంట్లో సాయిబులు, ఇంకో దాంట్లో మనవాళ్ళు. కుళాయి ఒకటే, మెట్లు ఒకటే, కరెంటు పోతే బయటికొచ్చి కూర్చునే అరుగు ఒకటే. ఏ సభా తీర్మానం చెయ్యకుండానే కులం అక్కడ కాస్త సడలింది.

అలాంటి ఇల్లు అమ్మకానికొచ్చిందనుకోండి. కొనేవాడు ముందు అడిగేది, "ఖాళీ చేయించి ఇస్తారా?" అని. మిగతావాళ్ళు తమ కులపోళ్ళ ద్వారా వారం తిరక్కుండానే ఇల్లు చూసుకుంటారు. సాయిబులకీ మనకీ ఆ దారి లేదు. నెలల తరబడి తిరిగి తిరిగి, చివరికి పిల్లల బడికి, పనికి దూరంగా ఊరి చివర కాలనీకి చేరతాం. ఊళ్ళో వున్న వెలివాడే పట్నంలో మళ్ళీ మొలుస్తుంది. కాబట్టి ఇంటి అమ్మకం ఇద్దరి మధ్య రిజిస్ట్రేషన్ వ్యవహారం మాత్రమే కాదు.

ఇది కొత్త బాధ కాదు. కొలంబియాలో, లండన్‌లో చదివొచ్చిన డాక్టర్ అంబేద్కర్‌కి 1917లో బరోడాలో అద్దెకి గది దొరకలేదు. పేరు మార్చుకొని పార్సీల సత్రంలో దిగితే, పదకొండో రోజున కర్రలు పట్టుకొచ్చి వెళ్ళగొట్టారు. మన పక్కనే కారంచేడులో 1985 జులై 17న ఆరుగురు మాదిగల్ని చంపితే, మిగిలినవాళ్ళు చీరాల చేరి అక్కడే నిలబడ్డారు. పల్లె వదిలినోడికి పట్నమే దిక్కు. ఆ పట్నమే తలుపేస్తే ఎక్కడికి పోవాలి?

చట్టం ఏమంటోంది? ఆస్తి బదిలీ చట్టం 109వ సెక్షన్ ప్రకారం ఇల్లు కొన్నవాడు పాత యజమాని స్థానంలోకి వస్తాడు. ఇల్లు అమ్ముడైనంత మాత్రాన అద్దె ఒప్పందం రద్దయిపోదు. నోటీసూ కోర్టు ఉత్తర్వూ లేకుండా సామాన్లు వీధిలో పారేసే హక్కు ఎవడికీ లేదు. 1955 నాటి పౌరహక్కుల రక్షణ చట్టం 4వ సెక్షన్ ఇంకో మాట చెబుతోంది: అంటరానితనం కారణంగా ఏ ప్రాంతంలోనైనా సరే ఇల్లు కట్టుకోకుండా, కొనుక్కోకుండా, కాపురముండకుండా అడ్డుకోవడం నేరం. శిక్ష నెల నుంచి ఆరు నెలల జైలు, జరిమానా. 12వ సెక్షన్ ఇంకా గట్టిది. షెడ్యూల్డు కులాలవారి మీద ఆ పని జరిగితే, కాదని రుజువయ్యేదాకా అది అంటరానితనం వల్లే జరిగిందని కోర్టు భావించాలి.

ఇంత చట్టం వున్నా ఎందుకు ఉపయోగపడటంలేదు? యజమాని కులం పేరెత్తడు గనక. "నీసు తినేవాళ్ళకివ్వం" అంటాడు. కాదన్నట్టు సాక్ష్యం వుండదు. దీనికో విరుగుడుంది. మనవాణ్ణి కాదన్న ఇంటికి అదే రోజు వేరే కులం మిత్రుణ్ణి పంపి అడిగించాలి. అతనికి ఇస్తానంటే గుట్టు బయటపడినట్టే. ఢిల్లీ చుట్టుపక్కల పరిశోధకులు ఇదే పద్ధతిలో పరీక్షించి, దళితులకీ ముస్లింలకీ ఇళ్ళు నిరాకరిస్తున్నారని 2015లో ప్రకటించారు. అమెరికాలో నల్లవారికి ఇళ్ళివ్వడంలో వివక్షను నిషేధిస్తూ 1968లో చట్టమొచ్చాక సంఘాలు చేసిన పని కూడా ఇదే. అలా పరీక్షించడానికి వెళ్ళి అబద్ధం విన్న మనిషికి కూడా కేసు వేసే హక్కుందని అక్కడి సుప్రీంకోర్టు 1982లో తీర్పిచ్చింది. మన కులం సముద్రాలు దాటి అక్కడికీ పోయింది. సియాటెల్ నగరం 2023లో కులవివక్షను నిషేధించినప్పుడు ఇళ్ళ విషయాన్నీ అందులో చేర్చాల్సొచ్చింది!

కాబట్టి కార్యకర్తలకి మేం చెప్పేది ఇది. అద్దె కట్టిన ప్రతి నెలా రసీదు తీసుకోమని చెప్పండి, నోటిమాట మీద వుండొద్దనండి. ఇల్లు అమ్మకానికొచ్చిందని తెలిసిన రోజే పోర్షన్లవాళ్ళందర్నీ, ఏ కులమైనా సరే, ఒకచోట కూర్చోబెట్టండి. ఒక్కొక్కరుగా ఖాళీ చేస్తే ఓడిపోయేది చివర మిగిలిన మనవాడే. కలిసి అడిగితే కొన్నవాడు కూడా ఆలోచిస్తాడు. ఇల్లు కాదన్నచోట తేదీ, టైము, సాక్షుల పేర్లు రాసిపెట్టుకోండి. పిటిషను సంఘం తరఫున పెట్టండి.

మనలో నాలుగు గదులు వేసుకొని అద్దెకిచ్చే స్థితికొచ్చినోళ్ళకీ ఒక మాట. మాల ఇంటి ముందు మాదిగ, మాదిగ ఇంటి ముందు సాయిబు "మీరేవిట్లు?" అన్న ప్రశ్న వినకూడదు. ఆ ప్రశ్న మన గుమ్మంలో చచ్చిపోతేనే, ఎదుటి గుమ్మంలో దాన్ని నిలదీసే నోరు మనకుంటుంది.