మనల్ని లెక్కపెట్టని ఆస్పత్రి ఇన్ఫెక్షన్‌ను ఏం లెక్కపెడుతుంది?



పోస్టు కొంచెం పొడుగే. డ్యూటీ అయ్యాక, వంట అయ్యాక కూర్చొని చదవండి. సౌదీలో ఆస్పత్రుల్లో హౌస్‌కీపింగ్, లాండ్రీ, స్ట్రెచర్ పనులు చేసే మేం నలుగురం కలిసి రాస్తున్నాం.

పోయిన నెల మా రూంలో ఉండే ఒక తమ్ముడికి సూది గుచ్చుకుంది. వాడిన సూదుల డబ్బాలో వేయాల్సిన సూదిని ఎవరో మామూలు చెత్త బ్యాగులో పడేశారు. తమ్ముడు బ్యాగు ముడి వేస్తుంటే గ్లౌజు దాటి వేలిలోకి దిగింది. నల్లా కింద వేలు పెట్టి, ప్లాస్టర్ చుట్టుకొని, మిగిలిన డ్యూటీ పూర్తి చేశాడు. నాలుగో రోజు రాత్రి అన్నం తినేటప్పుడు మాకు చెప్పాడు.

"రిపోర్టు ఎందుకు ఇయ్యలేదురా?" అని అడిగితే, "రక్తం తీస్తరు. ఏమన్న వస్తే ఇంటికి తోలుతరు. ఊర్ల అప్పు ఇంకా మూడు లక్షలున్నది అన్నా" అన్నాడు.

మేం తిట్టాం. తర్వాత ఆలోచిస్తే, తిట్టాల్సింది వాణ్ణి కాదనిపించింది. అందుకే ఈ పోస్టు.

మేం చెప్పేది ఒక్కటే మాట. ఆస్పత్రిలో ఇన్ఫెక్షన్లను లెక్కపెట్టే పద్ధతి ఉంది, మంచి పద్ధతే. కానీ మాప్ పట్టేవాణ్ణి, దుప్పట్లు మోసేవాణ్ణి, స్ట్రెచర్ తోసేవాణ్ణి ఆ లెక్కలో కలపకపోతే అది సగం లెక్క. చెబితే జీతం కోస్తామని బెదిరిస్తే అది లెక్కే కాదు, దాచిపెట్టడం.

ముందు ఆ లెక్క ఏంటో తెలుసుకుందాం. ఆస్పత్రికి ఒక రోగంతో వచ్చిన మనిషికి అక్కడే ఇంకో రోగం అంటుకోవడం కొత్త సంగతి కాదు. మూత్రం గొట్టం నుంచి, మెడ దగ్గర పెట్టే సెంట్రల్ లైన్ నుంచి, వెంటిలేటర్ నుంచి, ఆపరేషన్ కుట్ల నుంచి వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పిన లెక్క ప్రకారం, ఆస్పత్రిలో చేరిన ప్రతి 100 మందిలో ధనిక దేశాల్లో 7 మందికి, పేద, మధ్య ఆదాయ దేశాల్లో 15 మందికి కనీసం ఒక ఇన్ఫెక్షన్ అక్కడే అంటుకుంటోంది. అలా అంటుకున్నవాళ్ళలో దాదాపు పదిమందికి ఒకరు చనిపోతున్నారు. 15 మంది అన్న లెక్కలోకి మన ఊళ్ళలో అమ్మానాన్నలు చేరే ఆస్పత్రులూ వస్తాయి.

ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్సు వార్డులు తిరిగి రాసుకునేది ఇదే. ఏ బెడ్, ఏ తేదీ, ఏ క్రిమి, గొట్టం పెట్టి ఎన్ని రోజులైంది. ఇన్ని కేసులు అని ఊరికే చెప్పరు. గొట్టం పెట్టి ఉంచిన ప్రతి వెయ్యి రోజులకు ఎన్ని ఇన్ఫెక్షన్లు అని చూస్తారు. అప్పుడే చిన్న ఆస్పత్రినీ పెద్ద ఆస్పత్రినీ, ఈ నెలనూ పోయిన నెలనూ పోల్చడం కుదురుతుంది. పక్కపక్క బెడ్లలో ముగ్గురికి ఒకే క్రిమి వస్తే, వాళ్ళ మధ్య ఏముందో వెతుకుతారు. ఒకే సింకా, ఒకే మిషనా, ఒకే మనిషి చేతులా అని.

ఇది కాగితాల పని అనుకోవద్దు. అమెరికాలో 1970లలో మొదలుపెట్టి వందల ఆస్పత్రులను పరిశీలించిన ఒక పెద్ద అధ్యయనం ఫలితాలు 1985లో వచ్చాయి. గట్టిగా లెక్కపెట్టి, ఆ లెక్కను డాక్టర్లకు చూపించి, దాన్నిబట్టి పద్ధతులు మార్చిన ఆస్పత్రుల్లో ఇన్ఫెక్షన్లు మూడోవంతు దాకా తగ్గాయని తేలింది. లెక్క ప్రాణాలు కాపాడుతుంది. అందుకే దాంట్లో మోసం ఉండకూడదు.

మరి ఆ లెక్కలో మనం ఎక్కడున్నాం? డాక్టర్ పేరు ఉంటుంది, నర్సు పేరు ఉంటుంది. మనం ఆస్పత్రి మనుషులం కాదు, "కంపెనీ మనుషులం". మన హాజరు కంపెనీ దగ్గర, మన జ్వరం క్యాంపులో. ఈ వారం ఎవరు ఏ ఫ్లోర్ తుడిచారో ఇన్ఫెక్షన్ నర్సుకు తెలియదు. మన సూపర్‌వైజర్‌కు ఏ రూంలో ఏ క్రిమి ఉందో తెలియదు. తలుపు మీద ఐసోలేషన్ బోర్డు ఇంగ్లీషులో, అరబ్బీలో ఉంటుంది. మనలో సగం మంది దాని రంగు చూసి ఊహించుకుంటాం.

దీనికి ఎంత మూల్యం కట్టాల్సి వస్తుందో 2015లో కొరియా చూసింది. మెర్స్ మనకు తెలియనిది కాదు. 2012లో జెద్దాలో ఒక రోగి దగ్గరే దాన్ని మొదట గుర్తించారు. 2013లో ఇక్కడి అల్ అహ్సాలో 23 మందికి తేలితే, వాళ్ళలో 21 మందికి డయాలసిస్ యూనిట్లు, ఐసీయూలు, వార్డుల్లోనే ఒకరి నుంచి ఒకరికి అంటింది. 2015లో గల్ఫ్ దేశాలు తిరిగి వెళ్ళిన ఒక్క మనిషితో అది కొరియా చేరింది. అక్కడ 186 మందికి సోకింది, 38 మంది పోయారు. ఎక్కువ భాగం ఆస్పత్రుల్లోనే సోకింది.

సియోల్‌లో పేరుమోసిన ఒక పెద్ద ఆస్పత్రి ఎమర్జెన్సీలో రోగుల్ని తోసుకెళ్ళే పని చేసే మనిషి ఒకరున్నారు. మనలాగే కాంట్రాక్టు కార్మికుడు. రోగి ఉన్న చోటే పనిచేసినా, గమనించాల్సినవాళ్ళ లిస్టులో అతని పేరు లేదు. జ్వరం మొదలయ్యాక కూడా తొమ్మిది రోజులు డ్యూటీకి వచ్చాడు, మెట్రోలో తిరిగాడు. సంగతి బయటపడ్డాక ఆ ఆస్పత్రి జూన్ 14న చాలా సేవలు ఆపేయాల్సి వచ్చింది. మిషన్లున్నాయి, డాక్టర్లున్నారు, డబ్బుంది. లిస్టులో ఒక్క పేరు లేదు, అంతే. ఆ పేరు మన పేరే అనుకోండి.

"క్లీనింగ్ ఎవడైనా చేస్తాడు, తక్కువకు ఎవడొస్తే వాడికి ఇద్దాం" అనే ఆఫీసర్లకు ఇంకో లెక్క చెబుతాం. ఇంగ్లండ్‌లో 126 ఆస్పత్రి ట్రస్టుల 2010–2014 వివరాలు పరిశోధకులు పోల్చి చూశారు. సొంత క్లీనర్లు ఉన్నచోట లక్ష బెడ్ రోజులకు 1.46 ఎంఆర్ఎస్ఏ ఇన్ఫెక్షన్లు. బయటి కంపెనీకి ఇచ్చినచోట 2.28. కాంట్రాక్టు ఒక్కటే కారణమని దీంతో రుజువైపోదు. కానీ కాంట్రాక్టులో చౌక అని మిగిల్చిన డబ్బు, యాంటీబయాటిక్‌ల బిల్లులో తిరిగి పోతుందేమో లెక్క చూసుకోమంటున్నాం.

"మీ పనివాళ్ళు సరిగా తుడవరు" అంటారు. నిజమే, ఎక్కడా సరిగా తుడవడం లేదు. అమెరికాలో 36 ఆస్పత్రుల్లో కంటికి కనిపించని జెల్ చుక్కలు పెట్టి, తర్వాత లైటు వేసి చూశారు. బెడ్ రెయిలు, తలుపు హ్యాండిలు, కాల్ బటన్ లాంటి చేతులు ఎక్కువ తగిలే చోట్లలో సగం కూడా తుడవలేదు. తర్వాత పనివాళ్ళకు నేర్పి, వాళ్ళ ఫలితం వాళ్ళకే చూపించుకుంటూ వెళితే అది మూడొంతులు దాటింది. నేర్పితే, చూపిస్తే పని మారింది. ఇక్కడేమో అదే లైటు మన మీద ఫైన్ వేయడానికి వాడతారు. ఒక రూంకు ఇచ్చే నిమిషాలు పెంచరు, ఫ్లోర్‌కు మనుషుల్ని పెంచరు. ఇన్‌స్పెక్షన్ వారంలో మాత్రం కొత్త మాపులు, కొత్త గ్లౌజులు, నిండా శానిటైజర్. వాళ్ళు విమానం ఎక్కగానే అన్నీ స్టోర్‌లోకి.

ఇప్పుడు మన తప్పులు కూడా మాట్లాడుకుందాం. ఎదుటివాళ్ళనే అంటే న్యాయం కాదు.

ఐసోలేషన్ రూం మాప్‌తోనే పక్క రూం తుడిచినవాళ్ళం మనలోనే ఉన్నాం. గ్లౌజులు వేసుకున్నాం కదా అని అదే చేత్తో లిఫ్ట్ బటన్ నొక్కినవాళ్ళం ఉన్నాం. క్లోరిన్ కొట్టి వెంటనే గుడ్డతో ఆరబెడతాం. డబ్బా మీద ఎన్ని నిమిషాలు రాస్తే అన్ని నిమిషాలు తడిగా ఉంటేనే క్రిమి చస్తుంది. విరేచనాల క్రిమి సి-డిఫ్ ఉన్న రూంలో శానిటైజర్ రాసుకొని బయటికి వస్తాం. దాని గింజల్ని ఆల్కహాల్ చంపలేదు. అక్కడ సబ్బూ నీళ్ళే, 40 నుంచి 60 సెకన్లు. ఎవరూ చెప్పలేదు అంటారా? ట్రైనింగ్ అయిందని ఇంగ్లీషు కాగితం మీద సంతకం పెట్టింది మనమే. ఇక నుంచి అర్థం కాని కాగితం మీద సంతకం పెట్టే ముందు "హిందీలోనో తెలుగులోనో చెప్పించండి" అని నలుగురం కలిసి అడుగుదాం. ఒక్కడు అడిగితే నోరున్నోడు అంటారు. నలభై మంది అడిగితే మనిషిని తెచ్చి చెప్పిస్తారు.

జ్వరంతో డ్యూటీకి పోవడం కూడా తప్పే. కానీ ఒక్క రోజు ఆబ్సెంట్‌కు రెండు రోజుల జీతం కోసే కంపెనీలో ఎవడు ఆగుతాడు? ఒక మాట గుర్తుంచుకోండి. సౌదీ లేబర్ చట్టం 117వ ఆర్టికల్ ప్రకారం, డాక్టర్ కాగితం ఉంటే ఏడాదిలో మొదటి 30 రోజుల సిక్ లీవుకు పూర్తి జీతం, తర్వాతి 60 రోజులకు ముప్పావు జీతం ఇవ్వాలి. ఇది ఎవరి దయా కాదు. ఐసీయూలోకి జ్వరంతో పనివాణ్ణి పంపించేది ఆ కోతే. ఆ కోత వేసేవాడే తెల్లారి మీటింగ్‌లో "పేషెంట్ సేఫ్టీ" అంటాడు.

ఇక సూది సంగతి. భయపడి దాచితే నష్టం మనకే, ఎందుకో చూడండి.

రోగికి ఆ జబ్బు ఉండి, మనకు రక్షణ లేకపోతే, ఒక్క సూది పోటుతో హెపటైటిస్ బి అంటే అవకాశం నూటికి 6 నుంచి 30. హెచ్ఐవీకి వెయ్యికి మూడు. గుచ్చుకోగానే పిండకుండా సబ్బూ నీళ్ళతో కడగాలి. వెంటనే సూపర్‌వైజర్‌కు, ఇన్ఫెక్షన్ కంట్రోల్‌కు లేదా ఎమర్జెన్సీకి చెప్పి కాగితం తీసుకోవాలి. హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందులు ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది, 72 గంటలు దాటితే లాభం లేదు. హెపటైటిస్ బికి 24 గంటల్లోపు అయితే మేలు. ముందే మూడు డోసుల టీకా పూర్తయి, అది పనిచేసినవాళ్ళకు ఆ భయమే ఉండదు.

"రక్తం తీస్తే దొరికిపోతాం" అన్నాడు మా తమ్ముడు. తిరగేసి ఆలోచించండి. వచ్చేటప్పుడు గామ్కా మెడికల్‌లో ఫిట్ అయ్యే వచ్చాం. గుచ్చుకున్న రోజే తీసిన రక్తంలో ఏమీ లేదని రాస్తే, రేపు ఏదైనా వచ్చినా అది పనిలో వచ్చిందే అని చెప్పే కాగితం మన చేతిలో ఉంటుంది. పనిలో జరిగే ప్రమాదాల కోసం మన పేరున గోసికి యజమాని 2 శాతం కడుతున్నాడు. రిపోర్టు లేకపోతే ఆ డబ్బు ఎవరి కోసం? రిపోర్టు లేకుండా ఏడాది తర్వాత జబ్బు బయటపడితే, "ఎక్కడ తెచ్చుకున్నావో" అంటారు. అప్పుడు జబ్బూ మనదే, నిందా మనదే.

ఆస్పత్రులను, కంపెనీలను మేం అడిగేవి పెద్దవేం కావు.

మా పేర్లు కూడా ఆ లిస్టులో రాయండి. ఏ ఫ్లోర్‌లో ఎవరు చేశారో, ఎవరికి జ్వరం వచ్చిందో కంపెనీ నుంచి ఇన్ఫెక్షన్ నర్సుకు రోజూ చేరాలి.

సూది రిపోర్టు ఇచ్చినందుకు జీతం కోయబోమని, ఇంటికి పంపబోమని రాసి క్యాంపు నోటీసు బోర్డు మీద అంటించండి.

హెపటైటిస్ బి టీకా మూడు డోసులూ వేయించాకే వార్డులో దింపండి. మా తమ్ముడికి ఒక్క డోసే పడింది. రెండోది "నెక్స్ట్ మంత్" అన్నారు.

ఇన్ఫెక్షన్ల మీటింగ్‌లో మా మనిషిని ఒక్కణ్ణి కూర్చోబెట్టండి. ఏ కర్టెన్ ఎన్ని నెలల నుంచి మార్చలేదో, ఏ సింకు వెనక్కి పొంగుతోందో మీ కంప్యూటర్‌కు తెలియదు, మాకు తెలుసు.

తమ్ముణ్ణి ఆ మర్నాడే మేమే వెంటబెట్టుకొని ఎమర్జెన్సీకి తీసుకెళ్ళాం. 72 గంటలు అప్పటికే దాటిపోయాయి. టీకా రెండో డోసు వేశారు, రక్తం తీశారు. మొదటి రిపోర్టులో ఏమీ లేదు. ఆరు వారాల టెస్టు ఇంకా రావాలి. వాడు రాత్రిళ్ళు నిద్రపోవడం లేదు. ఇంట్లో చెప్పలేదు.

మీలో ఎవరికైనా ఇలా జరిగి దాచి ఉంటే, ఎన్ని రోజులైనా సరే, రేపు పొద్దున వెళ్ళి చెప్పండి. ఒక్కరే వెళ్ళొద్దు, రూంమేట్‌ను వెంట తీసుకెళ్ళండి. ఇంగ్లీషు రాకపోతే మాకు మెసేజ్ పెట్టండి, ఫోన్లో మేం మాట్లాడతాం. ఈ పోస్టు మీ క్యాంపు గ్రూపుల్లో పెట్టండి. చదువు రాని అక్కలకు చదివి వినిపించండి.