షాక్ ట్రీట్‌మెంట్ అంటే ఉలికిపాటెందుకు?

షాక్ ట్రీట్‌మెంట్ అనగానే చాలామందికి సినిమా సీనే గుర్తొస్తుంది: మంచానికి కట్టేసిన మనిషి, కేకలు. నేటి ఆస్పత్రి గదిలో జరిగేది వేరు. మత్తిచ్చి, కండరాలు సడలే మందు ఎక్కిస్తారు. పళ్ల మధ్య మెత్తటి దిమ్మ పెడతారు. కొన్ని సెకన్ల కరెంటు, దాదాపు నిమిషం మూర్ఛ. పైకి కాలివేళ్లు కాస్త అదురుతాయి, అంతే.

1938లో రోమ్‌లో సెర్లెట్టి, బిని అనే డాక్టర్లు ఈ చికిత్సను మొదలుపెట్టినప్పుడు మత్తు లేదు. ఆనాటి భయమే ఇంకా వెంటాడుతోంది. మన దేశంలో 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మత్తు లేకుండా షాక్ ఇవ్వడాన్ని నిషేధించింది.

అన్నం ముట్టక, చావు తలపులతో కుమిలిపోయే రోగికి మాత్రలు పనిచేసేదాకా వారాల తరబడి ఆగే వ్యవధి ఉండదు. అలాంటివారికీ దీన్ని ఆఖరి అస్త్రంగా దాచిపెట్టడం అన్యాయం. సాధారణంగా 6 నుంచి 12 విడతలు ఇస్తారు. కొందరికి కొన్ని జ్ఞాపకాలు చెరిగిపోవచ్చు. ఆ సంగతి డాక్టర్లు ముందే విడమరిచి చెప్పి, ఆ తర్వాతే సంతకం తీసుకోవాలి.